మండువా ఇంటికి సున్నమే మందు

కోనసీమలో వందేళ్ల మండువా లోగిలిని పాడుచేయడానికి కూలగొట్టనక్కర్లేదు. ప్రేమగా సిమెంటు పూయిస్తే చాలు. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన మనవడు తాతగారి ఇంటిమీద మమకారం కొద్దీ డబ్బు పంపుతాడు. మేస్త్రీ వచ్చి పెచ్చులూడిన సున్నపు పూతంతా గీకేసి, సిమెంటు గిలాబా చేసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టి, సంక్రాంతికల్లా ఇల్లు తళతళలాడించి అప్పగిస్తాడు. రెండు మూడు వానాకాలాలు గడుస్తాయి. గోడ అడుగున మూరెడెత్తు చెమ్మ మరక కడుతుంది. రంగు బుడగలు లేస్తుంది, గోటితో గీకితే తెల్లటి ఉప్పు రాలుతుంది. మేస్త్రీని మళ్లీ పిలిస్తే ఈసారి వాటర్‌ప్రూఫ్ మందు కలిపి ఇంకాస్త మందంగా పూస్తాడు. చెమ్మ ఇంకో మూరెడు పైకెక్కుతుంది.

ఇందులో మేస్త్రీని తప్పుపట్టడానికి లేదు. అతను నేర్చుకున్న పని అదే, కొత్త ఇళ్లకు అది సరైన పనే. పాత గోడ తీరు వేరు. డెల్టా నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. ఆనాటి పునాదులకు చెమ్మను ఆపే పొర ఏదీ వేయలేదు. కాబట్టి ఇటుక కిందినుంచి నీటిని పీలుస్తూనే ఉంటుంది. సున్నపు పూత నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి, గోడ తాగిన నీరు వాటిగుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు ఊరుకోదు కదా, దారి వెతుక్కుంటూ పైకి పోతుంది. నీటితో వచ్చిన ఉప్పు ఇటుకలోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. దీనికితోడు ఆ పాత ఇటుక మెత్తనిది, సిమెంటేమో బండగట్టిది. ఎండకు సాగడంలో, చలికి ముడుచుకోవడంలో రెండింటికీ పొత్తు కుదరదు. ఎక్కడో ఒకచోట పగులు రావాల్సి వచ్చినప్పుడు మెత్తనిదే పగులుతుంది. సున్నంతో కట్టిన గోడలో మెత్తనిది సున్నం, అది చిట్లితే దరజులు తీసి మళ్లీ నింపుకోవచ్చు. సిమెంటు పూసిన గోడలో పగిలేది ఇటుక.

అసలీ ఇళ్లు ఎలా వచ్చాయో తెలిస్తే వాటిని ఎలా బాగుచేయాలో సగం తెలిసినట్టే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర కాలవలతో డెల్టాలో వరి పండింది, ధాన్యం వ్యాపారం పెరిగింది, ఆ తర్వాతి రెండు మూడు తరాల చేతుల్లో డబ్బు ఆడింది. ఆ డబ్బే ఇళ్లయింది. బర్మాతో రాకపోకలు జోరుగా సాగిన కాలమది. కోరంగి, కాకినాడ రేవులనుంచి మనవాళ్లు ఓడలెక్కి 'రంగం' వెళ్లేవారు. అటునుంచి టేకు దుంగలు వచ్చేవి. పేరూరు వంటి అగ్రహారాల్లో ఇప్పటికీ నిలబడి ఉన్న నున్నటి స్తంభాలు, చెక్కడాల ద్వారబంధాలు చాలావరకు ఆ రంగం టేకువే. బంగాళాపెంకు పడమటి తీరంనుంచి వచ్చింది. బాసెల్ మిషన్ వాళ్లు 1860లలో మంగుళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీలు పెట్టారు. అంతకుముందు కప్పు మీద ఉన్నది మన కుమ్మరి చేసిన గూనపెంకు. సిమెంటు మాత్రం ఆ గోడల్లో ఎక్కడా లేదు. పోరుబందరులో సిమెంటు ఉత్పత్తి మొదలైందే 1914లో, అది గోదావరి పల్లెలకు చేరేసరికి ఇంకా చాలా కాలం పట్టింది.

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చోటు. నాలుగు వైపుల కప్పూ దానిలోకే వాలి ఉంటుంది, వాన నీరంతా అక్కడ పడి తూము గుండా వీధి కాలవలోకో పెరటిలోకో పోతుంది. చుట్టూ వసారా, దాని వెనక గదులు, వెనగ్గా వంటిల్లు, ముందు సావిడి, వీధి అరుగులు. అడుగున్నర, రెండడుగుల మందం గోడలు పగటి వేడిని లోపలికి రానివ్వడానికి సాయంత్రం దాకా తాత్సారం చేస్తాయి. గదుల పైన చెక్కలు పరిచిన అటక పెంకు వేడిని కిందికి దిగనివ్వదు. వేడెక్కిన గాలి మండువా గుండా పైకి పోతుంటే, పెరటి గుమ్మంనుంచి చల్లగాలి వస్తుంది. ఇదంతా ఒకదానికొకటి ముడిపడి ఉన్న ఏర్పాటు. ఒకటి మూస్తే ఇంకొకటి పనిచేయదు.

ఇక సున్నం సంగతి. ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవాల్సిన పని.

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి రాళ్లసున్నం మిగులుతుంది. సముద్ర తీరంలో, పులికాటు చుట్టుపక్కల, రాయికి బదులు గుల్లలు కాల్చేవారు. ఆ గుల్లసున్నం మరీ తెల్లన, మరీ నున్నన. తాంబూలానికీ, గోడ మీది ఆఖరి పూతకూ అదే శ్రేష్ఠం. కాల్చిన సున్నంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడని పని ఇది, కళ్లల్లో పడితే చూపే పోవచ్చు. ఉడికి చల్లారిన ముద్దను గోతిలో వేసి, పైన నీళ్లు నిలిపి, నెలల తరబడి నానబెడతారు. ఎంత పాతబడితే అంత జిగురు, అంత మెత్తన. బజారులో బస్తాల్లో దొరికే పొడిసున్నం చాలాసార్లు అప్పటికే గాలి తాకి సత్తువ పోయి ఉంటుంది. గోడ కట్టడానికి దాన్ని నమ్ముకోవద్దు.

నానిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఆడిస్తారు. గుండ్రటి రాతి కాలవ, అందులో దొర్లే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. గానుగ సున్నం అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు ఎద్దుల చోట మోటారు తిరుగుతోంది, అందులో నష్టమేమీ లేదు. తిప్పడం ముఖ్యం. చక్రం బరువుకు సున్నం ప్రతి ఇసుక రేణువుకూ పట్టుకుంటుంది. పారతో కలిపితే ఆ పట్టు రాదు. పాలు సాధారణంగా ఒక వంతు సున్నానికి రెండు మూడు వంతుల ఇసుక. చెమ్మ తగిలే చోట ఇసుకలో కొంత తీసేసి బాగా కాలిన ఇటుక పొడి, అంటే సుర్ఖీ, కలుపుతారు. కాలిన మట్టిలోని ఇసుక తత్త్వం సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడే గుణం తెచ్చిపెడుతుంది. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో చేసిన పనిని మన మేస్త్రీలు ఇటుక పొడితో చేశారు.

కరక్కాయ, బెల్లం గురించి అందరూ వినే ఉంటారు. కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానేసి పులియబెడతారు. ఆ నీటితో సున్నం కలిపితే తాపీ కింద వెన్నలా సాగుతుంది, పూత పగుళ్లివ్వకుండా నిదానంగా బిగుస్తుంది. దక్కన్‌లో మారేడు గుజ్జు, చెట్టినాడులో కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు. వీటిలో ఏదీ మంత్రం కాదు. సున్నం పాతదై, ఇసుక శుభ్రమైనదై, గానుగ బాగా ఆడి ఉంటే బెల్లం లేకపోయినా గోడ నిలుస్తుంది. ఆ మూడూ లేకుండా ఎన్ని కరక్కాయలు వేసినా నిలవదు. ఈ రోజుల్లో కొందరు కాంట్రాక్టర్లు కరక్కాయ పేరు చెప్పి రేటు పెంచి, అసలు సున్నం మాత్రం బస్తా పొడే వాడుతున్నారు. గానుగ చూపించమని అడగండి, సంగతి తేలిపోతుంది.

సున్నం ఆరి గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. దానికి తేమ కావాలి, గాలి కావాలి, అన్నింటికన్నా సమయం కావాలి. నెలకు ఒక మిల్లీమీటరు లోతు గట్టిపడుతుందని మోటు లెక్క. అందుకే పూత పలచని పొరలుగా వేస్తారు. ఒక పొర బిగిసి, గోటితో నొక్కితే గుంట పడనప్పుడే రెండోది. ఈలోగా ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు కట్టాలి. ఆఖరి పూతను గుల్లసున్నంతో, సన్నటి రాతి పొడితో వేసి, నున్నటి గులకరాయితో గంటల తరబడి రుద్దుతారు. అలా మెరిసిన గోడకు రంగు అక్కర్లేదు. గచ్చు నేలకు పని ఇంకా ఎక్కువ. ఇటుక కంకరా సున్నమూ పరిచి దిమ్మిసతో రోజుల తరబడి కొట్టాలి. వరసగా కూర్చుని చెక్కలతో కొట్టే ఆడకూలీల పాట లేకుండా ఆ పని సాగేది కాదు. ఇవాళ ఇల్లంతా గచ్చు చేయించడం అందరివల్లా అయ్యేది కాదు. పాత గచ్చు ఉన్నంత మేర ఉంచుకుని, పాడైన గదుల్లో బేతంచర్ల నాపరాళ్లో తాండూరు బండలో సున్నంలో పరిపించుకోవడం నా దృష్టిలో తెలివైన పని. విట్రిఫైడ్ టైల్స్ వేస్తే నేలలోని చెమ్మ అంతా గోడలకు మళ్లుతుంది.

మేస్త్రీ ఒక మధ్యేమార్గం చెబుతాడు: "సున్నమే వేద్దామండీ, పట్టు కోసం కాస్త సిమెంటు కలుపుదాం." ఒప్పుకోకండి. ఆ కాస్త సిమెంటు సున్నం రంధ్రాలను పూడ్చేస్తుంది, సిమెంటు బలమూ రాదు.

ఇదంతా పాతకాలపు పిచ్చి అనుకునేవాళ్లు ఒకసారి గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లి రావాలి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ కట్టడాలకు మరమ్మతుల పేరుతో సిమెంటు పూశారు. ఆగాఖాన్ ట్రస్టు 2013లో పని మొదలుపెట్టాక ఆ సిమెంటును ఓపిగ్గా ఒలిచి, సున్నంతో తిరిగి పూయించింది. అక్కడి పెద్ద మెట్లబావి, బడీ బావ్లీ, ఓ భాగం వానలకు కూలిపోతే దాన్నీ పాత పద్ధతిలోనే నిలబెట్టారు. 2022లో అక్కడి మెట్లబావుల పనికి యునెస్కో పురస్కారం వచ్చింది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీకీ ఇటువంటి వైద్యమే జరిగింది. సమాధులూ రెసిడెన్సీలూ వేరు, మనిషి కాపురముండే ఇల్లు వేరు, నిజమే. కాని పదేళ్లకు పైగా అక్కడ సున్నంలో చేతులు పెట్టి పనిచేసిన మేస్త్రీలు ఇప్పుడు మన మధ్యే ఉన్నారు. వాళ్లను కోనసీమకు పిలవడం ఇటాలియన్ మార్బుల్ తెప్పించడంకన్నా కష్టమేమీ కాదు.

గోడ తర్వాత కొయ్య. దూలం మధ్యలో ఎంత దృఢంగా కనిపించినా, గోడలోకి దూరిన కొసలు చూడాలి. పెంకు కారిన చోట నీరు దిగేది అక్కడికే. సన్నటి స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే మెత్తబడ్డది తెలిసిపోతుంది. కొస పుచ్చిందని దూలాన్నే మార్చేయడం మహాపరాధం. పుచ్చిన మేర కోసేసి, అదే మందం పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో చెక్కలోకి చెక్క దూర్చి, కొయ్య చీలలతో బిగించగల వడ్రంగులు ఇంకా ఉన్నారు. గోడలో కొస చుట్టూ గాలి ఆడేలా వేలెడు సందు వదలాలి, సిమెంటుతో కుక్కేయకూడదు. ఆ పాత టేకు ముక్క ఎక్కడిదంటే, ఇంకెక్కడో కూల్చిన మండువా ఇంటిది. ఈ వ్యవహారంలో మింగుడుపడని సంగతి ఇది.

తుపాను గురించి మాట్లాడకుండా డెల్టాలో పెంకుటిళ్ల గురించి మాట్లాడకూడదు. 1977 నవంబరు 19న దివిసీమనూ, 1996 నవంబరులో కోనసీమనూ ముంచెత్తిన తుపానులు చూసినవాళ్లు డాబా ఇల్లే భద్రమనుకున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం. పెంకు ఎగిరిపోయింది, కొబ్బరిచెట్లు కప్పుల మీద కూలాయి. అయితే కప్పును పట్టి ఉంచే ఉపాయాలున్నాయి. వాసాలను గోడ మీది అడ్డకొయ్యకు ఇనుప పట్టీలతో బిగించాలి, ఆ అడ్డకొయ్యను గోడలోతుకు దింపిన కమ్మీకి కట్టాలి, చూరు వెంబడి మూడు నాలుగు వరసల పెంకులను తుప్పు పట్టని తీగతో ముడివేయాలి. ఖర్చు కొద్దిదే. పాత గోడల మీద కాంక్రీటు స్లాబు పోయించడం మాత్రం చేయకండి. సున్నపు గోడ ఆ బరువు కోసం పుట్టలేదు. నాలుగు వాలులు కలిసే మూలల్లో పాత జింకురేకు తీసి కొత్తది వేయిస్తే కారుడు సమస్య ముప్పాతిక వంతు తీరుతుంది.

ఇక సుఖాలు. పాత ఇల్లంటే కష్టపడుతూ బతకాల్సిన చోటని నేననుకోను. పెరటి చివర మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో ఏ కోడలూ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పెద్దవాళ్లు రాత్రిపూట గడపలు దాటి చీకట్లో నడిచి కాళ్లు విరగ్గొట్టుకోవడం వారసత్వం కాదు. పడకగదికి ఆనుకుని స్నానాలగది కావాలి, వంటింట్లో నిలబడి వండుకునే గట్టు కావాలి, ఏసీ కావాలంటే ఏసీ కావాలి. ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదే చూసుకోవాలి.

నీళ్ల పనులన్నీ పెరటివైపు వసారాలో ఒకే వరసన పెట్టుకుంటే పైపులు బయటినుంచే పోతాయి, ఏ పాత గోడనూ తొలవక్కర్లేదు. స్నానాలగదికి పాత గోడను ఆనుకోకుండా, బెత్తెడు సందు వదిలి కొత్త గోడ లేపండి. ఆ లోపల సిమెంటు, టైల్స్, వాటర్‌ప్రూఫింగ్ అన్నీ నిక్షేపంగా వాడుకోవచ్చు. సిమెంటు పనికి అదే తగిన చోటు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, కాబట్టి దాన్నీ సోలార్ హీటరునీ పాత కప్పు మీద కాక, ఈ కొత్త గది స్లాబు మీదో విడిగా ఇనుప స్టాండు మీదో పెట్టాలి.

వైరింగు కోసం సున్నపు గోడలో గాడి తీస్తే ఆ గోడ పూత మొత్తం వదులవుతుంది. పూర్వం కరెంటు వచ్చినప్పుడు చెక్క పట్టీల మీద తీగలు నడిపారు. ఆ పద్ధతినే తిరిగి తెచ్చుకోవచ్చు: గోడ పైభాగాన, దూలాల పక్కన టేకు కేసింగులో కొత్త తీగలు, ఎర్తింగు, షాకు కొట్టకుండా ఆపే బ్రేకరు. చూడ్డానికీ బాగుంటుంది, రేపు మార్చాలన్నా సుత్తి పట్టాల్సిన పని లేదు. ఏసీ ఒకటి రెండు పడకగదులకు చాలు. అటక చెక్కల సందులు మూసి, తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేస్తే చిన్న మిషనే సరిపోతుంది. జిప్సం ఫాల్స్ సీలింగు వేయిస్తే ఏళ్ల తరబడి దూలాలకు ఏమవుతోందో మీకు కనబడదు. కనబడేసరికి చెదలు తినేసి ఉంటాయి.

మండువాను పాలికార్బనేట్ రేకుతో మూయడం ఇప్పుడో పెద్ద అంటువ్యాధి. వాన లోపలికి రాకూడదని మూస్తారు, వేడి బయటికి పోవడం మానేస్తుంది, ఆ తర్వాత అన్ని గదులకూ ఏసీ కావాల్సి వస్తుంది. కోతుల బెడద ఉంటే ఇనుప జల్లెడ వేయించుకోండి, గాలికీ వానకూ అడ్డు రాదు. దోమలకు పాత తలుపుల లోపలివైపు మెష్ రెక్కలు చేయించవచ్చు. వడ్రంగి దగ్గర పాత కిటికీ చెక్కడాన్ని కాగితం మీద నకలు తీయించి, అదే కొలతలో చేయిస్తే కొత్తవి అన్న సంగతే తెలియదు.

ఆర్డరిచ్చి చేయించే పనితనానికి మన దగ్గర కొరత లేదు, అడిగేవాళ్లకే కొరత. పోయిన గొళ్లేలు, గడియలు, తాళపు పళ్లేల కోసం ఆన్‌లైన్‌లో మొరాదాబాదు ఇత్తడి తెప్పించేవాళ్లు జనగామ దగ్గరి పెంబర్తిని మరిచిపోతారు. దేవాలయాల తలుపులకు ఇత్తడి రేకు తాపడాలు చేసే చేతులవి, ద్వారబంధానికి రేకు తొడగడం వాళ్లకు పెద్ద పని కాదు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు ఇత్తడి పోతపని ఉంది. ఏటికొప్పాక లక్కపనివాళ్లు బొమ్మలే కాదు, అంకుడు కర్రతో అలమర పిడులు, కొక్కేలు కూడా తిప్పి ఇస్తారు, రంగులు చెట్లనుంచి తీసినవే. పాత టేకు తలుపుల మీద తరతరాలుగా పూసిన ఎనామిల్ రంగు ఒలిపించేటప్పుడు మాత్రం ముక్కుకు మాస్కు కట్టించండి, ఆ పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఒలిచాక వార్నిషు కొట్టకుండా అవిసె నూనె పట్టించి వదిలేస్తే టేకు తన రంగు తనే తేల్చుకుంటుంది.

ఇన్ని ఉపాయాలుండగా ఇళ్లెందుకు పోతున్నాయంటే, చాలాచోట్ల సాంకేతిక కారణం ఏమీ లేదు. వాటాలే కారణం. నలుగురన్నదమ్ముల పిల్లలు నాలుగు దేశాల్లో ఉంటారు, ఎవరి వాటాకు ఎన్ని గజాలు వస్తాయో లెక్కవేస్తారు, మండువాను ఎలా పంచాలో ఎవరికీ తెలియదు. ఈలోపు పాత సామాను కొనేవాడు వచ్చి స్తంభాలకు ఓ రేటు, ద్వారబంధాలకు ఓ రేటు చెబుతాడు. ఆ స్తంభాలు ఏదో రిసార్టు రిసెప్షన్లో తేలతాయి, పెళ్లి ఫొటోల వెనక కనిపిస్తాయి. మంచి కొయ్య చెత్తలో కలవలేదు కదా అని సంతోషించేవాళ్లున్నారు. నాకు ఆ సంతోషం లేదు. కప్పు మొయ్యని స్తంభం అలంకారమే. అన్నదమ్ములు కలిసి ఇంటిని ఒకరికి రాసిచ్చి తతిమ్మా వాటాలు పొలంలోనో డబ్బులోనో సర్దుకున్న కుటుంబాలూ లేకపోలేదు, ఇల్లు నిలిచింది అలాంటి చోట్లే.

చేయించాలనుకున్నవాళ్లకు చివరిగా కొన్ని మాటలు. సున్నాన్ని ఆరు నెలల ముందే గోతిలో వేసుకోండి. కప్పు పని మాఘమాసంలో మొదలుపెట్టి తొలకరి లోపు ముగించాలి. మొదటి వానాకాలమంతా ఎక్కడ కారుతోందో చూసి సరిచేయించండి. పాత సిమెంటు ఒలిచిన గోడను కనీసం ఒక రుతువు పూత లేకుండా వదిలేయండి, లోపలి ఉప్పు బయటికొస్తుంది, పొడి బ్రష్షుతో దులిపించండి, నీళ్లతో కడగొద్దు. పూత పని కార్తీకంలో మొదలుపెడితే పుష్యం దాకా ఎండ పెద్దగా ఉండదు, సున్నానికి అదే అదను. మొత్తం ఏడాదిన్నర పడుతుంది. అంతకన్నా ముందే అప్పగిస్తానన్న మేస్త్రీకి పని ఇవ్వకండి.